తొమ్మిదో లెవెల్

పని చేసే చోట ఆయన్ని పళ్ళాయన అనేవారు. ఇంట్లో, అదీ ఆదివారం మధ్యాహ్నం మాత్రం, బ్రహ్మగారు అనేవారు. మొదటి పేరు పొట్ట పోసుకునే పనివల్ల వచ్చింది. రెండోది వేళాకోళానికి పెట్టింది. వేళాకోళానికి పెట్టిన పేరు నిజంగానే నెత్తికెక్కితే ఇంట్లో ఏమవుతుందో తెలుసుకోవాలంటే ఈయన కథ వింటే చాలు. మంచివాడు కాదా అంటే, మంచివాడే. చేసిందంతా ఆ మంచితనంతోనే కదా చేశాడు!

ముందు ఆయన పని సంగతి. కట్టుడు పళ్ళు తయారుచేసే వర్క్‌షాపు అది. మెట్ల కింద ఒక పొడుగాటి గది, గోడ వెంట బల్లలు, ఒక్కో బల్ల మీద మెడ వంచుకున్న దీపం. దంత వైద్యులు పంపిన నోటి అచ్చుల్లో ప్లాస్టర్ పోయాలి, ఆరాక విడదీయాలి, దాని మీద మైనంతో చిగుళ్ళు కట్టి పళ్ళు గుచ్చాలి. తర్వాత మైనం కరిగించేసి, ఆ ఖాళీలో గులాబీ రంగు ముద్ద కూరి, ఇత్తడి పెట్టెలో బిగించి నీళ్ళలో ఉడకబెట్టాలి. పనితనమంతా ఈ ఉడకబెట్టడం దగ్గరే ఉంది. తొందరపడి మంట పెంచారో, ముద్ద లోపల గాలి బుడగలు పడతాయి. పైకి నున్నగానే ఉంటుంది, గట్టిగా ఏదైనా కొరికిన రోజున పుటుక్కుమంటుంది. అందుకని ఆయన మంట సన్నగా పెట్టి, స్టూలు లాక్కుని, చేతులు కట్టుకుని కూర్చునేవాడు. పక్క బల్లవాళ్ళు "ఇంకా ఎంతసేపయ్యా బాబూ?" అంటే, "తినేవాడికి తెలుస్తుందిలే" అనేవాడు.

ఇక ఆదివారం సంగతి. భోజనాల బల్ల మీద గళ్ళ కాగితం పరిచి, రకరకాల ముఖాలున్న పాచికలు పోసి, చుట్టూ కూర్చుని ఆడే ఆట ఒకటుంది. అందులో గెలుపోటములు ఉండవు. ఒకరు కథ చెబుతారు: ఇదిగో అడవి, ఇదిగో కోట, అదిగో గుహలోంచి పొగ. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. ఏం చేస్తారో వాళ్ళు చెబుతారు, చేయగలిగారో లేదో పాచిక చెబుతుంది, దాంతో ఏం ముంచుకొచ్చిందో కథ చెప్పేవాడు చెబుతాడు. ఆపదలు గట్టెక్కేకొద్దీ పాత్రలు ఒక్కో లెవెల్ పైకి వెళ్తాయి, కొత్త శక్తులొస్తాయి. ఒకటో లెవెల్లో ఎలుకను చూసి పరిగెత్తినవాడు పదో లెవెల్‌కి వచ్చేసరికి డ్రాగన్ మీసం లాగుతాడు. ఆ ఎదుగుదల ఎంత వేగంగా ఉండాలి, లెవెల్ ఏ లెక్క మీద ఇవ్వాలి అన్నది కథ చెప్పేవాడి చేతిలో ఉంటుంది. ఆ బల్ల దగ్గర కథ చెప్పేది మన పళ్ళాయనే.

ఆడేవాళ్ళు నలుగురు. ఆయన భార్య వైద్యురాలి పాత్ర. బయట ఆమె రెడీమేడ్ బట్టల షాపులో ప్యాంట్లు పొట్టిచేసి కుడుతుంది. ఆమె తమ్ముడు, ఫ్రిజ్జులు బాగుచేసే కుర్రాడు, డాలు పట్టిన వీరుడు. పక్కింటి మీటర్ రీడరు దొంగ. భార్య స్నేహితురాలు, స్కూల్లో డ్రాయింగు టీచరు, మంత్రగత్తె. బ్రహ్మగారని పేరు పెట్టింది బావమరిదే. "మా తలరాతలు రాసేది మీరే కదా బావా! నాలుగు తలలుండాలి మరి. మూడు ఎక్కడ దాచారో అక్కనడగాలి" అన్నాడు. బల్లంతా ఘొల్లుమంది. పేరు అతుక్కుపోయింది.

ఒక్క మాట నిజాయితీగా చెప్పుకోవాలి. మొదట్లో ఆయన ఆ పని దివ్యంగా చేశాడు. మీటర్ రీడరు అంతకుముందు ఇంకోచోట ఆడేవాడు. అక్కడ కూర్చున్న ప్రతిసారీ ఒక లెవెల్ పంచిపెట్టేవారట. "నాలుగు వారాలు తిరక్కుండా అందరం దేవుళ్ళమైపోయాం గురూ. ఇక చెయ్యడానికేం లేక ఒకళ్ళనొకళ్ళు చంపుకున్నాం" అని చెప్పి నవ్వేవాడు. బ్రహ్మగారి దగ్గర ఆ పప్పులుడకవు. మూడో లెవెల్ రావడానికి వానాకాలం మొత్తం పట్టింది. వచ్చిన రోజున భార్య ఆ కాగితం తీసుకెళ్ళి అద్దం పక్కన నిలబెట్టుకుంది. వర్క్‌షాపులో మిగిలిన ముద్దతో ఆయన ప్రతి పాత్రకీ బొటనవేలంత బొమ్మ చేశాడు. ఎవరికైనా లెవెల్ పెరిగితే ఆ బొమ్మకి ఒక నడికట్టో, కర్రకి ఒక పొన్నో కొత్తగా అమరేది. పిల్లలు బొమ్మకోసం కూర్చున్నట్టు పెద్దవాళ్ళు నలుగురూ ఆ పొన్ను కోసం కూర్చునేవారు. అదీ పనితనమంటే. కాదన్నవాళ్ళకి కళ్ళు పోతాయి.

కాకపోతే లోపల ఒక చిన్న ముల్లు ఉండేది. జనం ఆయన కథ వినడానికి వచ్చేవారు, నవ్వడానికి మాత్రం బావమరిది కోసం వచ్చేవారు. బ్రహ్మగారు గొంతు తగ్గించి, పాడుబడ్డ కోటని, గబ్బిలాల్ని, గోడల మీద గోళ్ళ గీతల్ని వర్ణించి వర్ణించి, అందరి వెన్నులో వణుకు పుట్టించి, "ఎదురుగా ఇనప తలుపు. ఏం చేస్తారు?" అని ఆగేవాడు. బావమరిది బల్ల మీద వేళ్ళతో టకటకా కొట్టి, "ఏమండీ, ఎవరైనా ఉన్నారా లోపల?" అనేవాడు. ఇక అంతే! అంతసేపు కట్టిన భయమంతా గంగలో కలిసిపోయేది. టీచరమ్మ కళ్ళు తుడుచుకునేంతగా నవ్వేది. ఆయనా నవ్వేవాడు. కానీ ఆ కుర్రాడు రాని ఆదివారం వీళ్ళు ముగ్గురూ ఆవలిస్తూ గడియారం చూస్తారని కూడా ఆయన గమనించాడు. గమనించి, ఎవరితోనూ అనలేదు.

ఆ కుర్రాడు ఒక పొద్దున్న, ముసురు పట్టిన రోడ్డు మీద, లారీ కింద పడి పోయాడు. అంతకు కాసేపటి ముందే అక్కకి ఫోను చేశాడు. ఆమె షాపులో ఉంది, నోట్లో గుండుసూదులున్నాయి, ఎదురుగా గిరాకీ మనిషి ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. "అక్కా, ఒక్క మాట" అన్నాడట. "ఊఁ, తర్వాత" అని పెట్టేసింది. ఆ ఒక్క మాట ఏమిటో ఇక ఎవరికీ తెలియదు.

చాలాకాలం బల్ల ఎవరూ ముట్టుకోలేదు. ఆ తర్వాత మళ్ళీ కూర్చుందామన్నది ఆమే. ఇంట్లో గోడలు మీదికొస్తున్నాయంది. తమ్ముడి కుర్చీ తీసేయనివ్వలేదు. ఖాళీ కుర్చీని ఎదురుగా పెట్టుకుని ఏం కథ చెబుతాడు పాపం? అయినా చెప్పాడు. కొండవాగు మీద తాళ్ళ వంతెన, వెనక నుంచి సైన్యం. వీరుడు ఒక్కడే వంతెన మధ్యలో డాలు అడ్డంపెట్టి నిలబడ్డాడు, మిగతా ముగ్గురూ దాటేదాకా కదల్లేదు, దాటాక తాడు తెగింది. ఆ రోజు చెప్పినంత బాగా బ్రహ్మగారు ముందూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. మీటర్ రీడరు ముక్కు ఎగపీలుస్తూ బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

ఆమె ఏడవలేదు. రూల్సు పుస్తకం తెరిచి ఒక పేజీ మీద వేలు పెట్టింది.

"తొమ్మిదో లెవెల్ వైద్యురాలు చచ్చిపోయినవాళ్ళని లేపగలదని ఉందిక్కడ. నిజమేనా?"

"నిజమే."

"నేను లేపితే వాడు మాట్లాడతాడా?"

"మాట్లాడతాడు."

"వాడిలాగేనా?"

"వాడిలాగే. నేను పలికిస్తానుగా. నువ్వు తొమ్మిదికి రా, చాలు" అన్నాడాయన, ఆమె చెయ్యి పట్టుకుని.

ఆమెకి మతి పోయిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. పోయినవాడు రాడని ఆమెకి మనందరికంటే బాగా తెలుసు. కానీ అదే బల్ల దగ్గర, అదే కుర్చీ ఎదురుగా, ఒక్క సాయంత్రం వాడి మాట వినబడితే, ఆ పెట్టేసిన ఫోను మళ్ళీ ఎత్తినట్టుంటుందని ఆమె ఆశ. అడిగింది ఇంతే. అప్పటికామె ఐదో లెవెల్లో ఉంది.

ఆ రోజుల్లో వాళ్ళ బల్ల దగ్గర పాయింట్ల పద్ధతి నడిచేది. ఒక్కో రాక్షసుడికి ఇన్ని, ఒక్కో చిక్కుముడి విప్పినందుకు ఇన్ని. అవి పోగుపడితే లెవెల్. ఎవరైనా కూడుకోవచ్చు, ఎవరి దయా అక్కర్లేదు. ఆమె అలా కూడటం మొదలుపెట్టింది. అంతవరకు గొడవలకి దూరంగా నిలబడి కట్లు కట్టే వైద్యురాలు, కనబడ్డ తోడేలు మీదికల్లా కర్రెత్తుకుని దూకింది. "వదినా, అది మన జోలికి రాలేదు, నిద్రపోతోంది" అని మీటర్ రీడరు మొత్తుకుంటే, "లేపండి, నాకు పాయింట్లు కావాలి" అంది. ఆరు వచ్చింది. ఏడు దాని వెనకే వచ్చింది. ఎనిమిది కూడా వచ్చి కూర్చుంది. ఆ వేళ బ్రహ్మగారు బొమ్మకి పొన్ను రెండుసార్లు వంకరగా అతికించాడు.

పై ఆదివారం ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇకనించి పాయింట్లు లేవు. ఇలా చీమల్ని చంపి ఎదగడం ఎదుగుదల కాదు. కథ మలుపు తిరిగినప్పుడే అందరికీ కలిపి లెవెల్. మంట పెంచి ఉడికిస్తే లోపల బుడగలు పడతాయి, నా పని మీకు తెలుసు కదా."

అన్యాయమేం కాదు, ఈ ఆటలో అదీ ఒక పద్ధతే. పెద్ద పెద్ద ఆటగాళ్ళు మెచ్చుకునే పద్ధతే. టీచరమ్మ కూడా "మంచిదే అన్నయ్యగారూ, చిల్లర లెక్కల గోల పోతుంది" అంది. భార్య మాత్రం అడిగింది: "మలుపు వచ్చిందని మాకెలా తెలుస్తుంది?"

"వచ్చినప్పుడు నేను చెప్తాగా."

అదిగో, అక్కడ పడింది తాళం. అంతవరకు తాళంచెవి అందరి దగ్గరా ఉండేది. ఇప్పుడు ఆయన జేబులోకి వెళ్ళింది.

ఇక చూడండి తమాషా! ఒక ఊబి వచ్చింది. దాన్ని దాటేసరికి ఎండాకాలం పోయింది. మలుపు రాలేదు. తర్వాత జైలు. జైలు లోపల ఇంకో జైలు. దాంట్లోంచి బయటపడితే వాళ్ళని జైల్లో వేయించిన అసలు మనిషి వేరే రాజ్యంలో ఉన్నాడని తెలిసింది. అక్కడికి ఓడ మీద వెళ్ళాలి, ఓడకి గాలి లేదు. గాలి లేదటండీ! సముద్రం మధ్యలో నలుగురు పెద్ద మనుషులు గాలి కోసం ఆదివారాలకి ఆదివారాలు కూర్చున్నారు. "గురూ, నేను దిగి తోస్తాను ఈ ఓడని" అన్నాడు మీటర్ రీడరు. టీచరమ్మ కాగితం మీద పిల్లి బొమ్మలు గీసుకుంది. ఆమె మాత్రం ప్రతిసారీ లేచేముందు అడిగేది: "మలుపు అయిందా అండీ?" ఆయన కాగితాలు సర్దుకుంటూ, "దగ్గర్లోనే ఉంది. చూద్దాం" అనేవాడు. ఆ చూద్దాం అనే మాటతో ఏళ్ళు గడిచిపోయాయి.

ఎందుకు చేశాడంటారా? ఆయన్ని అడిగితే నిదానం, పునాది, రుచి అని పురాణం విప్పేవాడు. అసలు సంగతి అది కాదు. ఒకటి, బావమరిదిలా మాట్లాడటం ఆయనకి చేతకాలేదు. వర్క్‌షాపులో సానరాయి మోటారు వేసి, ఆ రొదలో ఎవరికీ వినబడకుండా, "ఏమండీ, ఎవరైనా ఉన్నారా లోపల?" అని అని చూసుకునేవాడు. ఎన్నిసార్లన్నా అది వెక్కిరింతలా వచ్చేది. రెండు, తమ్ముడితో మాట్లాడటం అయిపోతే ఆమె ఇక బల్ల దగ్గరికి రాదేమోనని దడ. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేది ఆ ఒక్క పూటే మరి. మూడోది ఆయన తనతో తాను కూడా అనుకోనిది. వాడు లేచొస్తే మళ్ళీ బల్లంతా వాడిదే అవుతుంది. చచ్చిపోయిన కుర్రాడి మీద అసూయేమిటండీ, సిగ్గులేకపోతే సరి! కానీ ఉంది. ఉన్నదాన్ని లేదంటే ఎలా?

ఇంతలో వర్క్‌షాపులో ఒక సంగతి జరిగింది. పింగాణీ పళ్ళ విభాగానికి పెద్దగా ఆయన్నే వేస్తానని ఓనరు ఎప్పటినుంచో ఊరిస్తున్నాడు. అడిగినప్పుడల్లా భుజం తట్టి, "నీ టైము వస్తుందయ్యా, చూద్దాం" అనేవాడు. చివరికి మొన్నమొన్న చేరిన ఒకణ్ణి తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ సాయంత్రం బ్రహ్మగారు ఇంటికొచ్చి క్యారేజీని సింకులో విసిరికొట్టాడు.

"ఎన్నేళ్ళు చూస్తాడే వాడు? నన్ను చూడ్డానికి ఇంకేం మిగిలింది? ఇవ్వనంటే ఇవ్వనని మొహాన చెప్పి చావొచ్చు కదా! ఇస్తానిస్తానని తిప్పుకోవడం, మనిషిని కుక్కని చేసి ఆడించడం..."

ఆమె టీ గ్లాసు చేతికిచ్చింది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"మీరు నాకేం చెప్తున్నారో, ఆయన మీకదే చెప్పాడు."

ఆయనకి ఒళ్ళు మండింది. "అదీ ఇదీ ఒకటా? అది బతుకు. ఇది ఆట."

"ఆటే కదా. ఇచ్చెయ్యండి మరి."

ఆయన టీ ఊదుకున్నాడు. అప్పుడే ఊరుకుని ఉంటే బాగుండేది. ఊరుకున్నాడా? పెద్దరికం ముంచుకొచ్చింది.

"నువ్వింకా సిద్ధంగా లేవు" అన్నాడు.

"దేనికి?"

"వాడు లేచొచ్చి మాట్లాడి మళ్ళీ వెళ్ళిపోతే తట్టుకోలేవు. నీ మంచికే చెప్తున్నాను."

ఆమె లేచి సింకులో క్యారేజీ గిన్నెలు ఏరి, సొట్టపడ్డ మూతని బొటనవేలితో నొక్కి సరిచేసి, కడిగి బోర్లించింది. పోట్లాడి ఉంటే ఆయనకి ధైర్యంగా ఉండేది.

ఆ రోజునుంచి ఆమె మలుపు సంగతి ఎత్తలేదు. ఆదివారం వచ్చేది, పాచిక వేయమంటే వేసేది, ఎవరికైనా దెబ్బ తగిలితే కట్టు కట్టేది, అయ్యాక గ్లాసులు తీసేది. బ్రహ్మగారికి తిక్క సంతోషం వేసింది. "చూశావా, మా ఆవిడకి ఓపిక అలవడింది. నిదానం విలువ అదీ" అన్నాడు మీటర్ రీడరుతో. మీటర్ రీడరు ఇంకో బిస్కెట్టు తీసుకుని తిన్నాడు.

కొన్నాళ్ళకి టీచరమ్మ తన ఇంట్లో శనివారాలు ఇంకో బల్ల పెట్టింది. తనకీ కథ చెప్పాలని సరదాగా ఉందంది. మీటర్ రీడరుతో పాటు భార్య కూడా వెళ్తానంటే బ్రహ్మగారు నవ్వాడు. "వెళ్ళు, వెళ్ళు. ఆ పిల్లకి పాచికకి ఎన్ని ముఖాలో కూడా తెలీదు. నాలుగు వారాలకి మూతపడుతుంది" అన్నాడు. రెండు శనివారాలు ఆమె వెళ్ళొచ్చింది. ఎలా జరిగిందని అడగాలని కూడా ఆయనకి తోచలేదు. లేదా అడిగితే చిన్నతనమనుకున్నాడో.

ఆ తర్వాత ఏ పురుగు కుట్టిందోగానీ ఆయన మనసు మెత్తబడింది. పింగాణీ బల్ల దగ్గర కూర్చున్న కొత్తవాణ్ణి రోజూ చూస్తుండటం వల్ల కావచ్చు. ఇక ఇచ్చెయ్యాలనుకున్నాడు. ఇవ్వడమంటే మామూలుగానా? గంట గోపురం, చంద్ర గ్రహణం, ఆమె గోపురమెక్కి తమ్ముణ్ణి పిలిస్తే గంటలు వాటంతటవే మోగడం. మనసులో అంతా కట్టుకున్నాడు. సొరుగు అడుగున పడున్న వీరుడి బొమ్మని బయటికి తీశాడు. ఆదివారం ఎప్పుడెప్పుడొస్తుందా అని, ఇన్నేళ్ళలో మొదటిసారి, వర్క్‌షాపులో కూనిరాగం తీస్తూ ఆ బొమ్మకి మెరుగు పెడుతున్నాడు. సరిగ్గా అప్పుడే మీటర్ రీడరు కరెంటు మీటరు చూడ్డానికి మెట్లు దిగి వచ్చాడు.

"ఏంటి గురూ, మహా హుషారుగా ఉన్నారు?"

"ఈ ఆదివారం చూద్దువుగాని. తొమ్మిదో లెవెల్ ఇస్తున్నాను. మా వాడు లేస్తున్నాడు" అని బొమ్మని దీపం కింద పెట్టి చూపించాడు.

మీటర్ రీడరు ముఖంలో నవ్వు ఆగిపోయింది. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "వదిన మీకు చెప్పలేదా?"

"ఏమని?"

"ఆ మొదటి శనివారం టీచరమ్మ ఇంట్లో..." అతను మీటరు వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "ఆవిడ అందరికీ మొదటిరోజే తొమ్మిదో లెవెల్ ఇచ్చేసింది గురూ. ఎలా ఆడించాలో నాకేం తెలుసు, పైనుంచే మొదలెడదాం, ఎవరికేం కావాలో చెప్పండి అంది. వదిన వాడు కావాలంది. మాకు బొమ్మ కూడా లేదు. వదిన సంచీలోంచి దారపు రీలు తీసి బల్ల మీద నిలబెట్టింది."

సానరాయి ఇంకా తిరుగుతూనే ఉంది. బ్రహ్మగారు దాన్ని ఆపాలని కూడా మర్చిపోయాడు.

"పలికించిందెవరు? ఆ టీచరా? ఆవిడకి వాడి గొంతు వస్తుందా?"

"నాకు రాదక్కా, మీ తమ్ముడెలా మాట్లాడతాడో మీకే తెలుసు, మీరే పలికించండి అంది. మమ్మల్నందర్నీ లేపి వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపేసింది. మేం టీ కాచుకుని తాగాం. అవతల బల్ల దగ్గర ఏం మాట్లాడుకున్నారో తెలీదు. మధ్యలో ఒకసారి వదిన నవ్వింది. పెద్దగా. అంతకుముందు నవ్వేది చూడండి, అలా."

బ్రహ్మగారు అప్రాను విప్పలేదు, ఓనరుకి చెప్పలేదు. వేళ్ళ సందుల్లో ప్లాస్టరు పొడితోనే షాపు దాకా నడిచి వెళ్ళాడు. బట్టల షాపు వెనకవైపు, ట్రయలు గది పరదా పక్కనే ఆమె మిషను. ముందు ఇద్దరు గిరాకీ మనుషులు తమ ప్యాంట్ల కోసం నిలబడి ఉన్నారు. అక్కడ గొంతు పెంచడానికి లేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు, వంగి.

ఆమె తలెత్తి ఆయన అప్రాను చూసింది. ఏ సంగతి అని అడగలేదు. "చెప్దామనే అనుకున్నానండీ. మీరు అడుగుతారనుకున్నాను."

"ఈ ఆదివారం ఇద్దామనుకున్నాను. అంతా సిద్ధం చేశాను. గంట గోపురం, గ్రహణం..."

"ఇప్పుడు వద్దులెండి."

"ఏంటి వద్దు? అలా మొదటిరోజే చేతిలో పెట్టేస్తే దానికేం విలువుంటుంది? ఇన్నేళ్ళు పడ్డ కష్టమంతా ఏమైనట్టు?"

ఆమె మిషను చక్రం చేత్తో తిప్పి సూదిని పైకి లేపింది. ప్యాంటు కాలిని బయటికి లాగింది, దారం తెంపింది. "నాకు విలువక్కర్లేదండీ. నాకు మా తమ్ముడు కావాలి. మొదట్నుంచీ నేనడిగింది అంతే కదా."

నిలబడ్డ ఇద్దరిలో ఒకాయన గడియారం చూసుకున్నాడు. బ్రహ్మగారు కదల్లేదు. వాగు మీద వంతెన తెంపింది ఆయన, దానికి ఇవతల ఏముందో అవతల ఏముందో రాసింది ఆయన, ఇన్నేళ్ళు తాళంచెవి జేబులో వేసుకు తిరిగింది ఆయన. ఆ తలుపు వెనక జరిగిన మాటలు మాత్రం ఆయనకి తెలియవు. తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుపోతోంది.

"ఏమన్నాడు?"

"అది మా ఇద్దరి మధ్యండీ."

"నా గురించి..." ప్లాస్టరు చేతులు అప్రానుకి తుడుచుకున్నాడు. "బావేడీ అని ఏమైనా అడిగాడా?"

ఆమె గుర్తు తెచ్చుకుంటున్నట్టు కాసేపు పరదా వైపు చూసింది. ఆ ముఖంలో కోపం లేదు, కసి లేదు. ఉంటే బాగుండునని ఆయనకి అనిపించింది.

"అడుగుతాడేమోనని నేనూ ఆగి చూశానండీ" అంది. "అడగలేదు."

పరదా తీసుకుని ఒక పొడుగాటి మనిషి, కాళ్ళ కింద మడతలు ఈడ్చుకుంటూ బయటికొచ్చాడు. ఆమె గుండుసూదులు నోట్లో పెట్టుకుని అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆయన ఆమెకి వెలుతురు అడ్డం వస్తున్నాడని పక్కకి జరిగాడు.